దక్షిణం వైపు సందు

ఏప్రిల్ 21, సోమవారం

ఇంటి ఖర్చులు ఎప్పటిలాగే ముందు పేజీల్లో ఉంటాయి. ఈ మాటలు ఏ పద్దు కిందకీ రావు కాబట్టి పుస్తకం తిరగేసి వెనక నుంచి రాస్తున్నాను.

పొద్దున బాత్‌రూమ్ దగ్గర ఆయన కాలు జారింది. పడలేదు. నా మెడ పట్టుకుని నిలబడ్డారు. దొడ్లో బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే వెనక వరండా మెట్లు దిగాలి, గచ్చు దాటాలి, మళ్ళీ ఒక మెట్టు ఎక్కాలి. ఎండల్లోనే ఇలా ఉంటే, వానలకు గచ్చు పాకుడు పట్టాక ఏం చేస్తాను? మా పడకగదీ దాని బాత్‌రూమూ పైన ఉన్నాయి. జనవరిలో పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పట్టు తప్పిన దగ్గర్నుంచి ఆయన మెట్లెక్కలేదు. హాల్లో మడతమంచం మీదే పడక.

"క్లచ్ కాలు పోయిందే సుభా. ఇంక బండి గేర్లో పడదు" అని నవ్వారు. ఇన్నేళ్ళూ బందరు నుంచి అవనిగడ్డకు బస్సు నడిపిన మనిషి. నవ్వాక గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నిర్ణయించుకున్నాను. ఇంటికి దక్షిణం వైపు ఖాళీలో కింద ఒక గది, దానికి ఆనుకుని బాత్‌రూమ్. వానలు ముదరక ముందే.

ఏప్రిల్ 23

ఆయనతో చెప్పాను.

"ఎవరికి గది?" అన్నారు.

"ఎవరికేంటండీ? ఇంటికి. ఉయ్యూరు నుంచి అమ్మాయి, పిల్లలూ వస్తే ఉంటుంది కదా."

అది నిజమే. వాళ్ళు వస్తే ఉంటుంది.

ఏప్రిల్ 26

ప్లాన్లు గీసే ఇంజనీరు యుగంధర్ వచ్చాడు. లైసెన్సు ఉన్నవాడు. కార్పొరేషన్‌కి దరఖాస్తు ఇలాంటివాళ్ళ ద్వారానే ఆన్‌లైన్‌లో పెట్టాలట. తాపీమేస్త్రీ కూడా వచ్చాడు. "ఒక్క గదికి పర్మిషనేంటి మేడమ్? ఈ వీధిలో ఎవరు తీసుకున్నారు చెప్పండి. మీరు ఊఁ అంటే రేపే ముగ్గు పోసేద్దాం" అన్నాడు. వద్దన్నాను. తర్వాత ఎవరైనా నోటీసు పట్టుకొచ్చి గోడ తియ్యమంటే, ఈయన్ని మంచం మీద వదిలి ఆఫీసుల చుట్టూ తిరగడం నా వల్ల కాదు.

టేపు పట్టారు. దస్తావేజులో ఉన్న వెడల్పు కంటే నేల మీద వెడల్పు మూడున్నర అడుగులు తక్కువ వచ్చింది.

"స్థలంలో కొంత ఏమైనా అమ్మారా అండీ?"

"లేదు బాబూ."

"మరి ఈ మూడున్నర అడుగులు ఎటు పోయాయండీ?"

అప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అడ్డగోడ! ఈ ఇల్లు కట్టినప్పుడు మా అత్తగారు ఒక సిద్ధాంతిని పిలిపించారు. ఉత్తరం కంటే దక్షిణం ఖాళీ ఎక్కువైంది, యజమానికి మంచిది కాదు, మధ్యలో గోడ పెట్టి కొంత అవతలికి వదిలేస్తే అది మీది కానట్టే లెక్క అన్నాడాయన. ఈయనకు ఇలాంటివి నమ్మకం లేదు. "గోడ కడితే దిక్కులు మోసపోతాయా?" అని వెక్కిరిస్తూనే, తల్లి మాట తీసెయ్యలేక కట్టించారు. అప్పట్నుంచీ ఆ గోడకూ పక్కింటి పుష్పావతి వాళ్ళ ప్రహరీకీ మధ్య సన్నటి సందు మిగిలింది. తూర్పు కొస మూసుకుపోయి ఉంటుంది. వెనక వరండా చివర నుంచి ఒక్కటే దారి, అటు మెట్లు లేవు. పుష్పావతి వంటింటి కిటికీ దాని మీదకే ఉంటుంది. రెండు గోడలకూ సున్నం కొట్టించడం తప్ప మేం ఎవరం అటు వెళ్ళం. అది మాదన్న సంగతే మరిచిపోయాను.

మే 1

యుగంధర్ కాగితం మీద గీసి చూపించాడు. మా స్థలం కొలతకు పక్కన మీటరు ఖాళీ వదలాలట. అడ్డగోడ తీసేసి సరిగ్గా దాని చోటే గది గోడ లేపితే, సందు ఆ మీటరుకు సరిపోతుంది, ప్లాన్ ఇబ్బంది లేకుండా పాసవుతుందన్నాడు.

కానీ గది చిన్నదవుతుంది. దొడ్లో గచ్చు మీద సుద్దముక్కతో అతను చెప్పిన బాత్‌రూమ్ కొలతలు గీశాను. హాల్లోంచి కుర్చీ తెచ్చి అందులో తిప్పి చూశాను. చక్రాల కుర్చీ అయితే తిరగదు. సందు కూడా కలుపుకుంటే బాగా తిరుగుతుంది.

"సందు కలిపి గీయండి" అన్నాను.

"ఒప్పుకోరండీ."

"అడిగితే తప్పేముంది?"

ఆయన వరండాలో కూర్చుని నేను కుర్చీ తిప్పడం చూస్తూనే ఉన్నారు.

చక్రాల కుర్చీ ఇంకా కొనలేదు. ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సిందే కదా.

మే 3

ఆయన తువ్వాలుకి తెల్ల మరకలు. సబ్బు మార్చాలి.

మే 6

వార్డు సచివాలయానికి వెళ్ళాను. ప్లానింగ్ సెక్రటరీ పేరు వందన. మా అమ్మాయి కంటే చిన్నది. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓపిగ్గా చెప్పింది.

"మీటరు వదలాల్సిందేనండీ. గాలీ వెలుతురూ రావాలి. ఒక ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటికి పాకకూడదు. మనిషి నడవడానికి దారుండాలి."

"అక్కడ ఎవరు నడుస్తారమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. ఆరోగ్యం బాగోని మనిషి కోసం ఏమైనా సడలిస్తారా అని అడిగాను. తనకు తెలిసినంతలో కుదరదంది. నేను కదలకపోయేసరికి, వినతి పెడితే పైవాళ్ళకు పంపిస్తానంది. కారణం ఏం రాయమంటారని కంప్యూటర్ మీద వేళ్ళుంచి నా వైపు చూసింది.

"మా వారు ఇక నడవలేరు" అన్నాను.

ఆ పిల్ల టైపు చేసేసింది. అంత తేలిగ్గా నా నోట్లోంచి వచ్చింది ఆ మాట. వచ్చేటప్పుడు కోనేరు సెంటర్లో ఆయనకిష్టమని బందరు లడ్డూ కొన్నాను.

మే 9

దరఖాస్తు మీద స్థలం యజమాని సంతకం కావాలి. కాగితం, పెన్నూ ఇచ్చాను. కళ్ళజోడు లేదన్నారు. కళ్ళజోడు ఇచ్చాను. నిద్రొస్తోందన్నారు.

మే 10

చొక్కా ఎడమ మోచేతి దగ్గర తెల్లగా ఉంది. వరండా గోడకు ఆనుకుంటున్నారేమో, సున్నం రాలుతున్నట్టుంది. మేస్త్రీకి చెప్పాలి.

ఇది రాశాక గుర్తొచ్చింది, వరండాకు వేయించింది ఆకుపచ్చ రంగు. సర్లే.

మే 13

పుష్పావతితో మాటామాటా వచ్చింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇంటి ముందు గోడ మీంచి గోంగూర పచ్చడి గిన్నె అందిస్తూ "వదినా, సందు మూసేస్తున్నారంట, నిజమేనా?" అంది. మొహం దిగులుగా పెట్టింది.

"మా స్థలమే పుష్పా అది."

"కాదన్నానా? మొత్తం మూసెయ్యాలా అని. కాస్త వదలొచ్చుగా?"

నాకు ఎక్కడో మండింది. "నీ వంటింటికి గాలి రాదని, మా ఆయన వానలో దొడ్డికి నడవాలా? నీ కిటికీ ముఖ్యమా, ఆయన ముఖ్యమా?"

"కిటికీ సంగతి కాదు వదినా..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళిపోయింది.

పచ్చడి ఆయనే తిన్నారు. నాకు సహించలేదు. "పుష్పని ఏమన్నావే?" అన్నారు. ఏమీ అనలేదన్నాను.

మే 16

అమ్మాయి ఫోన్. "నాన్నని గుడివాడ తీసుకెళ్తున్నావా అమ్మా?" అంది. మార్చిలో మానేశామని దానికి ఇప్పుడు చెప్పాను. అక్కడి ఆసుపత్రిలో రెండు ఇనప కడ్డీల మధ్య నిలబెట్టి, చెరో చేత్తో చెరో కడ్డీ పట్టుకోమని నడిపించేవాళ్ళు. అందరూ చూస్తుండగా ఒకసారి కూలబడిపోయారు. ఇంక రానన్నారు. నేనూ బలవంతం చెయ్యలేదు.

"మరి నడక ఎలా వస్తుందమ్మా?" అంది పిల్ల.

గది కట్టిస్తున్నా కదా అన్నాను. దాని ప్రశ్నకు అది జవాబు కాదని ఫోన్ పెట్టేశాక తెలిసింది.

మే 17

తువ్వాలు. కొత్త సబ్బే. అయినా మరకలు.

మే 19

మళ్ళీ సంతకం అడిగాను. ఈసారి ఏమన్నారో రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

"అడ్డగోడ తీస్తే దక్షిణం పెరుగుతుందే సుభా. మా అమ్మ ఊరికే కట్టించిందా?"

దిక్కులు మోసపోతాయా అని సిద్ధాంతి ముందే నవ్విన మనిషి! "మీకు వాస్తు నమ్మకం ఎప్పట్నుంచండీ?" అంటే, "కాలు పోయినప్పట్నుంచి" అన్నారు. తల పక్కకు తిప్పుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చున్నాను. నేను ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? నిన్న చినుకులు పడ్డాయి కూడా.

మే 22

యుగంధర్ పన్ను రసీదు జిరాక్సు కావాలంటే బయల్దేరాను. రోజూ లాగే ఆయన్ని వెనక వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన చేతికర్ర, మంచినీళ్ళ సీసా పెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాను. నాలుగిళ్ళు దాటాక చూసుకుంటే రసీదే తేలేదు. వెనక్కి వచ్చాను.

వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది.

బాత్‌రూమ్ తలుపు తీసే ఉంది, అందులో లేరు. పిలవబోతుంటే పుష్పావతి గొంతు వినబడింది.

"రైట్... రైట్... రైట్..."

అచ్చం బస్సులో కండక్టరు లాగా. సందులోంచి.

"హోల్డాన్ అన్నయ్యా! ఆగాగు, పప్పు మాడుతోంది, దించి వస్తా."

"ప్యాసింజర్లని మధ్యలో దింపేసి పోతావా? డిపో మేనేజర్‌కి రిపోర్టు రాస్తా." ఇది ఆయన గొంతు. జనవరి తర్వాత ఆ గొంతు నేను వినలేదు.

వరండా చివరకు వెళ్ళి చూశాను. ఆయన నాకు వీపు పెట్టి సందు మధ్యలో నిలబడి ఉన్నారు. కర్ర లేదు. కుడి అరచెయ్యి పుష్పావతి వాళ్ళ ప్రహరీకి. ఎడమ మోచెయ్యి మా అడ్డగోడకు. రెండు గోడల మీదా, మనిషి చేతులు ఆనే ఎత్తులో, సున్నం అరిగిపోయి ఈ కొస నుంచి ఆ కొస దాకా చార పడి ఉంది. ఒక్క రోజులో పడే చార కాదది.

పుష్పావతి కిటికీ దగ్గరకు తిరిగొచ్చింది. నన్ను చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సందు చివర మూసుకుపోయి ఉంటుంది. తిరగడానికి ఆ కాలు సహకరించదు. అందుకని వెళ్ళేది ముందుకు, వచ్చేది వెనక్కి. అడుగు వెనక్కి వెయ్యబోయి ఆయన అన్నారు, "ఏం పుష్పా, రివర్సు చెప్పవేంటమ్మా? వెనక ఏమైనా అడ్డం ఉందా?"

పుష్పావతి నా వైపే చూస్తోంది.

నేను అన్నాను, "రైట్."

ఆయన వీపు బిగుసుకుంది. తల తిప్పలేదు, తిప్పితే పడతారు.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. రండి, వెనక ఖాళీగానే ఉంది. రైట్... రైట్..."

వచ్చారు. అడుగు, ఆగడం, మోచెయ్యి జరపడం, మళ్ళీ అడుగు. నేను పట్టుకోలేదు. పట్టుకోవాలని చేతులు లాగుతున్నా పట్టుకోలేదు. నా దాకా వచ్చాక "హోల్డాన్" అన్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి కుడి అరచెయ్యి తిప్పి చూశాను. తెల్లగా ఉంది. తువ్వాలుతో తుడిచాను.

"మేడ మెట్లెక్కిన రోజున చెబుదామనుకున్నా" అన్నారు. "గుడివాడలో పడ్డట్టు ఇక్కడ పడినా చూసేవాళ్ళుండరు. రెండు గోడలూ దగ్గరగా ఉన్నాయి, పడదామన్నా చోటు లేదు. పుష్ప ఒక రోజు కిటికీలోంచి చూసేసింది. చెబితే ఒట్టే అన్నా."

"నాకు చెప్పకూడదా?"

"నువ్వు గచ్చు మీద సుద్దతో గీసి కుర్చీ తిప్పుతుంటే ఎలా చెప్పనే? అంత గది కట్టి, అందులోనే అన్నీ పెట్టేస్తే, ఇంక నన్ను మెట్లెక్కమని అడిగేదెవరు?"

సుద్దగీత ఇంకా పూర్తిగా చెరగలేదు. నీళ్ళు పోసి చీపురుతో కడిగేశాను.

మే 23

వాడకం మానేసిన పాత సబ్బు మళ్ళీ తీశాను. దాని తప్పేం లేదు.

మే 26

పొద్దున్నే వందన దగ్గరకు వెళ్ళాను. వినతి ఇంకా పైకి పోలేదట. "తీసెయ్యమ్మా" అన్నాను.

"అయ్యో, ఒకసారి చూద్దామండీ, ఏమో..."

"వద్దు. అందులో రాసింది నిజం కాదు."

ఆ పిల్ల కంగారుగా స్క్రీన్ వైపు చూసింది. మా వారు ఇక నడవలేరు. ఆ వాక్యం అక్కడ నల్లగా, నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. అది పోయేదాకా అక్కడే కూర్చున్నాను. మీటరు వదిలి, సందు సందుగానే ఉంచి దరఖాస్తు పెడతామని చెప్పాను. మనిషి నడవడానికి దారుండాలి కదా అంటే, ఆ మాట తనదేనని దానికి గుర్తు లేదు. "అవునండీ, రూల్ అదే" అంది.

తిరిగి వస్తూ పుష్పావతి ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో అనుకున్నవన్నీ గుమ్మంలో మరిచిపోయాను.

"పప్పు మాడిందా ఆ రోజు?" అన్నాను.

"మాడింది. మీ తమ్ముడు అదే తిని బావుందన్నాడు. ఆయనకి నాలుక లేదులే వదినా" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత అది ఏడ్చింది. "చెప్పేద్దామని రోజూ అనిపించేది. అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. నువ్వేమో కిటికీ అన్నావు."

"అన్నాను" అన్నాను.

సాయంత్రం ఆయన ముందు కొత్త ప్లాన్ పరిచాను. గది చిన్నదే. గదిలోంచి సందులోకి ఒక తలుపు, నేరుగా.

"చక్రాల కుర్చీ తిరగదేమోనే" అన్నారు నా మొహం చూస్తూ.

"తిరగదు."

"మరి గదెందుకు?"

"బాత్‌రూమ్‌కి పోయి రావడంలోనే మీ ఓపికంతా అయిపోతోంది. అది మిగిలితే సందులో ఇంకో ట్రిప్పు కొట్టొచ్చు. గది వానాకాలానికి. మెట్ల సంగతి నేను అడుగుతూనే ఉంటాను. విసుగొచ్చేదాకా అడుగుతాను."

కళ్ళజోడు అడగలేదు. నిద్రొస్తోందనలేదు. రిజిస్టర్లో డ్యూటీ దిగేటప్పుడు పెట్టేవారే, ఆ పొడుగాటి సంతకం పెట్టారు.

జూన్ 9

అనుమతి వచ్చింది. యుగంధర్ ప్రింటు తీసి తెచ్చాడు. షరతులు చదివి వినిపించమన్నారు. దక్షిణం వైపు మీటరు ఖాళీ ఎప్పటికీ తెరిచి ఉంచాలి, అందులో ఏ కట్టడమూ చెయ్యకూడదు.

"మళ్ళీ చదువు" అన్నారు.

చదివాను.

"చూశావా, గవర్నమెంటు నాకు రోడ్డేసింది" అన్నారు. కిటికీలోంచి పుష్పావతి "టోలు నాకు కట్టు అన్నయ్యా" అంది.

జూన్ 16

అడ్డగోడ పడగొట్టారు. అంత తేలిగ్గా పడుతుందనుకోలేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలకు ముందే అయిపోయింది. దక్షిణం అంతా ఒక్కసారిగా తెరుచుకుని ఇల్లు కొత్తగా కనబడింది.

పనివాళ్ళు వెళ్ళాక ఆయన కర్ర పట్టుకుని వరండా చివర దాకా వచ్చి నిలబడ్డారు. కుడి వైపు పుష్పావతి ప్రహరీ ఉంది. ఎడమ వైపు ఏమీ లేదు. మోచెయ్యి గాలిలో కొంచెం లేచి మళ్ళీ పడిపోయింది. ఇది నేను ఆలోచించలేదు. ఇన్ని కొలతలు వేసిన దాన్ని, కొత్త గోడ లేచేదాకా మధ్యలో ఏముంటుందో ఆలోచించలేదు.

"సర్లే, బస్సు షెడ్డులో ఉందనుకుందాం" అని వెనక్కి తిరగబోయారు.

నేను వెళ్ళి గోడ ఉన్న చోట నిలబడ్డాను. కర్ర తీసుకున్నాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి నా భుజం మీద పెట్టుకున్నాను. చాలా బరువుంది. చల్లగా ఉంది.

"నువ్వు గోడలా కదలకుండా ఉండవే, నడుస్తావు."

"మీరు నడిస్తేనే నడుస్తాను."

కిటికీ తెరుచుకుంది. "రైట్ రైట్!"

జూన్ 21

నిన్న జల్లు పడింది. ఇవాళ ఎండ కాసింది. పునాది అయ్యింది, ఇటుక దిగింది.

రోజూ సాయంత్రం పనివాళ్ళు పోయాక నడుస్తున్నాం. వెళ్ళేటప్పుడు నేను ఆయన పక్కన, వచ్చేటప్పుడు కూడా పక్కనే, ఇద్దరం వెనక్కి అడుగులేసుకుంటూ. పుష్పావతి చూసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మొదటి రోజు నా భుజం మీద చెయ్యి ఊరికే వాలి ఉండేది. ఇవాళ పశ్చిమం కొసకు వచ్చేసరికి వేళ్ళు కొంచెం బిగిశాయి. జాకెట్టు ముడతలు చూసుకుని నిజమేనని నమ్మాను. ఆయనతో ఇంకా అనలేదు.

పొద్దున మేస్త్రీ అడిగాడు. "మీకు తొందరన్నారుగా మేడమ్, రేపట్నుంచి సందు వైపు గోడ ఎత్తేస్తాం."

మిగతా మూడు గోడలూ ముందు ఎత్తమన్నాను. దానికి తొందరేం లేదన్నాను.